చదివి వినిపించగా సరియని ఒప్పుకొన్నాడు

పోలీసు స్టేషన్లో రాసుకున్న ఫిర్యాదు కింద, తహశీలు కచేరీ పంచనామా కింద, కోర్టుకు పోయే వాంగ్మూలం కింద ఒక వాక్యం ఉంటది: 'చదివి వినిపించగా విని సరియని ఒప్పుకొన్నాడు.' పక్కన ఒక సంతకమో, నల్లటి బొటనవేలి నిశానో. మనలో చాలామంది ఈ వాక్యాన్ని చూసి ఉంటారు గానీ చదివి ఉండరు. కాగితం అడుగున అచ్చుగుద్దినట్టు ఉండే మాటను చదవాల్సిన పనేముంది అనిపిస్తది. సాహిత్య విమర్శకులు ఒక పద్యపాదాన్ని చదివినంత శ్రద్ధగా ఈ వాక్యాన్ని చదవాలని ఈ వ్యాసం ప్రయత్నం. ప్రభుత్వ సంస్థలు దళితులకు సేవ చేస్తున్నాయా, రక్షణ ఇస్తున్నాయా, అసలు వాళ్లతో మాట్లాడుతున్నాయా అనే ప్రశ్నలన్నీ ఈ ఒక్క వాక్యం దగ్గర వచ్చి ఆగుతాయి.

ముందు దాని వ్యాకరణం చూద్దాం. 'చదివి వినిపించగా' అన్నప్పుడు చదివింది ఎవరు? వాక్యంలో లేదు. ఎస్సైనా, రైటర్ కానిస్టేబులా, గిర్దావరా? తెలుగులో కర్తను వదిలేసే వెసులుబాటు ఉంది కాబట్టి వదిలేసినారు. కానీ 'ఒప్పుకొన్నాడు' అన్నదగ్గర కర్త ఎవరో అందరికీ తెలుసు. వేలిముద్ర వేసినవాడు. అంటే సంస్థ చేయాల్సిన పనికి కర్త లేడు, దళితుడు చేసిన పనికి కర్త ఉన్నాడు. రేపు ఏదైనా తేడా వస్తే జవాబు చెప్పాల్సింది ఒప్పుకున్నవాడే. వ్యాకరణం ఇంత పక్షపాతంగా ఎట్లా ఉంటదో చూడండి.

బండల గని కాడ

ఇది నాకు పుస్తకంలో తెలిసిన సంగతి గాదు. మా మేనమామ తాండూరు పక్కన నాపరాయి గనుల్లో బండలు తీసేవాడు. ఇరవై ఏండ్ల కిందటి మాట. వారం కూలి లెక్కలో తేడా వచ్చిందని అడిగినందుకు గని నడిపే మనిషి అందరి ముందర కులం పేరు పెట్టి తిట్టి, మీదికి చెయ్యెత్తిండు. మామ తెల్లారి స్టేషన్‌కు పోయిండు. ఆ స్టేషన్ పేరు ఇక్కడ అవసరం లేదు, ఏ స్టేషన్ అయినా అంతే. నిలబడి చెప్పిండు: "బండల గని కాడ ఇరవై మంది సూస్తుండంగ నన్ను కులం పేరు వెట్టి తిట్టిండు సారూ. కొట్టవచ్చిండు."

కాగితం మీద పడ్డది వేరే. 'కూలి డబ్బుల విషయమై ఇరువురికి మాటామాటా పెరిగి, సదరు వ్యక్తి ఫిర్యాదిని నోటికి వచ్చినట్లు దుర్భాషలాడినాడు.' కొన్నాళ్ల తర్వాత ఆ కాగితం నకలు నా చేతికొచ్చింది. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్న. అందులో గని లేదు. ఇరవై మంది లేరు. కులం లేదు. కింద మాత్రం ఉంది: చదివి వినిపించగా విని సరియని ఒప్పుకొన్నాడు.

"నిజంగ సదివి వినిపిచ్చిండ్రా మామా?" అని అడిగిన.

"ఎవరు సదువుతరు అల్లుడా. ఏలు వెట్టుమన్నరు, వెట్టిన."

ఈ మూడు మాటలు పోవడం ఏదో రాతలో జరిగిన పొరపాటు అనుకోవద్దు. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద అవమానం నేరం కావాలంటే అది 'జనం చూసే చోట' జరిగి ఉండాలి. అంటే గని, ఆ ఇరవై మంది కాగితంలో ఉండాలి. ఎస్సీ కాబట్టే ఆ అవమానం జరిగిందని తేలాలి. అంటే కులం మాట కాగితంలో ఉండాలి. 2015 సవరణ తర్వాత కులం పేరుతో దూషించడం ప్రత్యేకంగా ఒక నేరమైంది, కానీ 'జనం చూసే చోట' అన్న షరతు అట్లనే ఉంది. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనప్పుడు జరిగిన దూషణ ఈ సెక్షను కిందికి రాదని 2020లో ఉత్తరాఖండ్ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు మరోసారి చెప్పింది. మరి గనిని, మనుషుల్ని, కులాన్ని మొదటి కాగితంలోనే తీసేస్తే, కేసు కోర్టు దాకా పోయి ఓడిపోనక్కర్లేదు. స్టేషన్ బల్ల మీదనే ఓడిపోతది. ఆ ఓటమి మీద ఓడినవాడి వేలిముద్రే ఉంటది.

మామ చెప్పిన తెలుగుకూ రైటర్ రాసిన తెలుగుకూ మధ్య దూరం మాండలికానికీ ప్రామాణిక భాషకూ ఉన్న దూరం మాత్రమే అయితే ఇంత రాద్ధాంతం అక్కర్లేదు. 'కులం పేరు వెట్టి' అన్నదాన్ని 'కులం పేరుతో' అని మార్చినా ఎవరికీ నష్టం లేదు. 'దుర్భాషలాడినాడు' అని మార్చడం అనువాదం గాదు. కులం జరిపిన పనిని ఇద్దరు మనుషుల కొట్లాటగా మార్చడం అది.

ఒకే మాట నాలుగుసార్లు

ఇప్పుడు చట్టం వైపు నుంచి చూద్దాం. నోటితో చెప్పిన సమాచారాన్ని అధికారి రాసుకోవాలి, రాసింది చెప్పినవాడికి చదివి వినిపించాలి, ఆ తర్వాతే సంతకం తీసుకోవాలి. ఈ నియమం 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 154వ సెక్షనులోనే ఉంది. హైదరాబాద్ రాష్ట్రానికి ఆ కోడ్ 1951లో వచ్చింది. 1973లో కోడ్ కొత్తగా రాసినప్పుడు అదే నంబరు సెక్షనులో అదే మాట. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో నంబరు 173గా మారింది గానీ మాట మారలేదు.

అందరికీ వర్తించే ఈ నియమాన్ని దళితుల కోసం విడిగా మళ్లీ రాసినారు. అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో చేసిన నిబంధనల్లో 5వది అదే చెప్తది. చెప్పింది రాయాలి, చదివి వినిపించాలి, నకలు డబ్బు తీసుకోకుండా వెంటనే ఇవ్వాలి. స్టేషన్ అధికారి రాసుకోనంటే ఎస్పీకి పోస్టులో పంపవచ్చు. ఇరవై ఏండ్లు గడిచినయ్. 2015లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, 2016 జనవరి 26 నుంచి అమలు చేసింది. ఆ సవరణలో 4వ సెక్షను కింద అధికారి నిర్వహించాల్సిన బాధ్యతలను వరసగా రాసినారు. వాటిలో మొట్టమొదటిది ఏమిటో తెలుసా? నోటితో చెప్పి రాయించిన సమాచారాన్ని సంతకం తీసుకునే ముందు ఫిర్యాదికి చదివి వినిపించడం. దాన్ని కావాలని నిర్లక్ష్యం చేసే ఎస్సీ, ఎస్టీయేతర ఉద్యోగికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు.

ఒకే మాటను 1898లో, 1973లో, 1995లో, 2015లో నాలుగుసార్లు ఎందుకు రాయాల్సి వచ్చింది? నాలుగోసారి జైలుశిక్ష ఎందుకు తగిలించాల్సి వచ్చింది? జరుగుతున్న పనికి ఎవరూ శిక్ష పెట్టరు. 'చదివి వినిపించగా' అని నూరేండ్లుగా రాస్తూ వచ్చిన వాక్యం దళితుల విషయంలో అబద్ధమని ఆ సవరణ చెప్పకనే చెప్తున్నది. దేశంలోని ప్రతి స్టేషన్ మీద పార్లమెంటే రాసిన ఫిర్యాదు అది. దాన్ని మనం ఇంతవరకు అట్లా చదవలేదు.

అయితే ఈ చేత్తో ఇచ్చింది ఆ చేత్తో తీసుకునే మాట కూడా అక్కడే ఉంది. ఉద్యోగి మీద కేసు పెట్టాలంటే ముందు శాఖాపరమైన విచారణ జరిగి, ఆ విచారణ సిఫారసు చేయాలి. అంటే చదివి వినిపించని అధికారి మీద విచారణ జరిపేది ఆయన శాఖే. ఆ విచారణలో దళితుడు మళ్లీ నోటితో చెప్పాలి. మళ్లీ ఎవరో రాయాలి. మళ్లీ కాగితం అడుగున అదే వాక్యం.

చాటింపు వేసినవాడు

ఈ వాక్యం ఆకాశం నుంచి ఊడిపడలేదు. మన ఊళ్లలో రాజ్యం ప్రజలతో ఎట్లా మాట్లాడేదో గుర్తు తెచ్చుకోవాలి. పన్ను కట్టే గడువైనా, తహశీల్దారు దౌరా అయినా, జప్తు వేలమైనా ఊరికి ముందు తెలిసేది డప్పు చప్పుడుతో. మాదిగ మనిషి డప్పు మెడకేసుకొని వాడవాడా తిరిగి చాటింపు వేసేవాడు. సర్కారు నోరు ఆయనే. కానీ ఆయన చాటిన మాటలో ఆయన మాట ఒక్కటీ ఉండేది కాదు. ఊరికి కబురు మోసే బేగరి, నీళ్లు కాసే నీరడి, పట్వారీ దఫ్తరం మోసే సేత్‌సింధి కూడా అంతే. రాజ్యం మాటను మోసింది వాళ్లు. ఆ దఫ్తరంలో ఏం రాసుందో తెలిసింది మాత్రం పట్వారీకి. నిజాం కాలంలో రాత ఉర్దూ, మాట తెలుగు. తాండూరు దిక్కు పోతే కన్నడం కూడా. నెత్తిన మోసిన పహాణీలో తన ఇనాం భూమి ఎవరి పేర ఎక్కిందో మోసినవాడికే తెలియకపోవడం అప్పుడు వింత గాదు.

పట్వారీ వ్యవస్థ 1984లో పోయింది. ఆ తర్వాత వచ్చిన వీఆర్వోలు 2020లో పోయినారు. అదే ఏడాది ధరణి వచ్చింది. దానికి బదులుగా భూభారతి చట్టం 2025 ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతి నాడే, అమల్లోకి వచ్చింది. రాత ఉర్దూ నుంచి తెలుగుకు, దఫ్తరం నుంచి కంప్యూటర్‌కు మారింది. అసైన్డు భూమి ఉన్న దళితుడు మీసేవ కిటికీ ముందర నిలబడి తెర మీద ఏముందో ఎవర్నో అడగడం మారలేదు.

పదమేదో దాన్ని బట్టే హక్కు కూడా మారుతది. సర్కారు ఇచ్చిన భూమిని సర్కారే మళ్లీ తీసుకునేటప్పుడు, అది 'ప్రభుత్వ భూమి' కాబట్టి పట్టాదారుకు ఇచ్చినంత పరిహారం ఇయ్యనక్కర్లేదని రెవెన్యూ శాఖ చాలా కాలం వాదించింది. ఆ వాదాన్ని పగలగొట్టిన ముఖ్యమైన తీర్పు మన దగ్గర్నుంచే పోయింది. పాత రంగారెడ్డి జిల్లా చేవెళ్ల డివిజన్ నుంచి వెళ్లిన కేసులో, అసైన్డు భూమి తీసుకుంటే అసైనీకి కూడా సొంతదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని 2004లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు పెద్ద ధర్మాసనం చెప్పింది. వికారాబాదు, తాండూరు ఊళ్లలో ఎంతమందికి ఈ తీర్పును చదివి వినిపించినారు? జప్తును ఊరూరా చాటించిన రాజ్యం హక్కును ఎందుకు చాటించదు?

1994లో ఈదుమూడిలో మొదలైన మాదిగ దండోరా పేరులోనే ఈ ప్రశ్న ఉంది. పరాయి మాట మోసిన డప్పు మీద సొంత మాట మోగించడం అంటే రాజ్యం సమాచార వ్యవస్థనే తలకిందులు చేయడం. అప్పట్లో దాన్ని రిజర్వేషన్ల పంచాయితీగా మాత్రమే చూసినవాళ్లు ఈ సంగతి గమనించలేదు.

దగ్గరైన భవనం

1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడ్డప్పుడు దాని కేంద్రం హైదరాబాదు నగరంలోనే ఉంది. తాండూరు మనిషి కలెక్టరుకు అర్జీ పెట్టాలంటే నూరు కిలోమీటర్ల పైచిలుకు పోవాలి. ఒకరోజు కూలి, బస్సు కిరాయి, అధికారి లేకపోతే మళ్లీ ఇంకోరోజు. 2016 అక్టోబరు 11న వికారాబాదు జిల్లా అయింది. మహబూబ్‌నగర్‌లో ఉండే కొడంగల్ దిక్కు ఊళ్లు కూడా ఇందులో కలిసినయ్. 2022 ఆగస్టులో కొత్త కలెక్టరేటు తెరిచినారు. దూరం తగ్గింది, దాన్ని కాదనలేం. సోమవారం ప్రజావాణికి పొద్దున పోయి సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు.

కానీ దగ్గరైంది భవనం. ప్రజావాణిలో అర్జీ తీసుకుంటారు, రసీదు ఇస్తారు, సంబంధిత శాఖకు పంపుతారు. ఆ శాఖ అంటే సాధారణంగా ఆ అర్జీ ఎవరి మీద పెట్టినమో ఆ కచేరీయే. కొన్నాళ్లకు 'పరిష్కరించడమైనది' అని జవాబు. ఇక్కడ కూడా కర్త లేడు. ఎవరు పరిష్కరించినారు? ఏం పరిష్కరించినారు? అర్జీదారుతో ఎవరైనా మాట్లాడినారా? సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. రాయలేనివాళ్లు నోటితో అడిగితే సమాచార అధికారే సాయం చేసి దాన్ని రాతలో పెట్టాలని దాని 6వ సెక్షను చెప్తది. కచేరీల ముందర చెట్టు కింద డబ్బులు తీసుకొని అర్జీలు రాసేవాళ్ల గిరాకీ మాత్రం తగ్గలేదు. ఆ చెట్టు కింద నడుస్తున్నది చట్టం ప్రకారం లోపల జరగాల్సిన పని.

'అంటరానితనం లేదని తెలిసినది'

సంస్థ తానే దళితవాడకు వచ్చి మాట్లాడే సందర్భం ఒకటుంది. ఉమ్మడి రాష్ట్రంలో జస్టిస్ పున్నయ్య కమిషన్ ఎస్సీ, ఎస్టీల మీద వివక్షను విచారించి నివేదిక ఇచ్చిన తర్వాత, నెలకొకసారి, 30వ తారీఖున, ఏదో ఒక ఊళ్లో పౌరహక్కుల దినం జరపడం మొదలైంది. తహశీల్దారు, ఎస్సై, సంక్షేమ శాఖవాళ్లు వస్తారు. చట్టం గురించి చెప్తారు. ఆలోచనగా ఇది గొప్పది. రాజ్యం దళితుల దగ్గరకు రావాలన్న మాట పోరాటాల్లోంచి వచ్చింది. కారంచేడు 1985, చుండూరు 1991 అట్లాంటి పోరాటాలే.

ఆచరణ ఎట్లుంది? నేను కూర్చున్న సభల గురించి చెప్తా. టెంటు దళితవాడలో వేస్తారు. ముందు వరుస కుర్చీల్లో ఊరిపెద్దలు. దళితులు వెనక, ఆడవాళ్లు కింద పట్టా మీద. అధికారి 'అంటరానితనం నేరం' అని ఉపన్యాసం ఇస్తాడు. ఎవరికి? అంటరానితనం పాటించేవాళ్లకు గాదు, అనుభవించేవాళ్లకు. గుడి మెట్ల మీద, హోటల్ ముందర, పెద్దోళ్ల వాడలో చెప్పాల్సిన మాటను మన వాడలో చెప్పి పోతారు. దీనికి 'అవగాహన సదస్సు' అని పేరు. అవగాహన లేనిది ఎవరికి? రెండు గ్లాసుల సంగతి రెండో గ్లాసులో తాగినవాడికి అధికారి చెప్పాల్నా?

ఆఖర్న అడుగుతారు: "మీ ఊళ్లో అట్లాంటియి ఏమన్న ఉన్నయా?" ఆ ప్రశ్న అడిగేటప్పుడు ముందు కుర్చీల్లో ఎవరున్నారో చెప్పిన. ఎవరి పొలంలో కూలికి పోవాల్నో, ఎవరి దగ్గర అప్పుందో వాళ్లే. అప్పుడు వచ్చే మౌనాన్ని తీర్మానంలో ఎట్లా రాస్తారో ఊహించవచ్చు. 'గ్రామంలో అంటరానితనం లేదని తెలిసినది. అవగాహన కల్పించడమైనది.' కింద సంతకాలు, వేలిముద్రలు. మౌనం ఒప్పుకోలైపోయింది. రేపు ఆ ఊళ్లో ఏదైనా జరిగితే, అక్కడ అట్లాంటివి లేవని చెప్పడానికి ఈ కాగితం ఉంటది. రక్షణ కోసం పుట్టిన సభే రక్షణ లేకుండా చేసే సాక్ష్యాన్ని తయారుచేస్తున్నది.

రెండు సేకరణలు

2024 నవంబరు 11న వికారాబాదు జిల్లా దుద్యాల మండలం లగచర్లలో ఏం జరిగిందో దేశమంతా చూసింది. ఫార్మా పరిశ్రమల కోసం భూమి తీసుకునే ముందు ప్రజాభిప్రాయ సేకరణ. భూసేకరణ, అభిప్రాయ సేకరణ: రెండింటికీ ఒకటే మాట. భూమిని సేకరించినట్టే అభిప్రాయాన్ని కూడా సేకరించుకొని పోవచ్చని ఆ మాట అనుకుంటున్నది. సేకరించడానికి చెవి అక్కర్లేదు, సంచి ఉంటే చాలు.

2013 భూసేకరణ చట్టం సామాజిక ప్రభావ అంచనాలో భాగంగా బహిరంగ విచారణను ప్రభావిత ప్రాంతంలోనే జరపాలని 5వ సెక్షనులో చెప్పింది. ప్రాథమిక ప్రకటనను స్థానిక భాషలో పంచాయతీలో పెట్టాలన్నది. అభ్యంతరాలకు 60 రోజులు ఇచ్చింది. 2016లో తెలంగాణ చేసుకున్న సవరణ కొన్ని రకాల ప్రాజెక్టులను ఆ సామాజిక అంచనా నుంచే మినహాయించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. అంటే వినే పనిని తప్పించుకునే దారి చట్టంలోనే వేసుకున్నరు. ఆ రోజు వేదిక వేసింది ఊరికి బయట, దుద్యాల దగ్గర. రైతులు అక్కడికి రాలేదు, తమ ఊళ్లోనే ఉన్నారు. కలెక్టరు ఊళ్లోకి పోయినారు. అక్కడ అధికారుల మీద దాడి జరిగింది.

దాడిని సమర్థించాల్సిన పని మనకు లేదు. చెయ్యెత్తడం మాట ఓడిపోయిన చోట జరిగే పని, దాని ఫలితం ఎప్పుడూ బలహీనుల మీదనే పడ్తది. అట్లనే పడ్డది. పదుల మందిని అరెస్టు చేసినారు. రాత్రివేళ తండాల మీద పడ్డారని లంబాడా ఆడవాళ్లు ఆరోపించినారు. వాళ్లు ఆ మాట ఎక్కడ చెప్పుకోగలిగినారు? మండలంలో గాదు, జిల్లాలో గాదు. ఢిల్లీ పోయి జాతీయ మానవ హక్కుల కమిషను ముందర చెప్పుకున్నారు. కమిషను రాష్ట్రానికి నోటీసులిచ్చి బృందాన్ని పంపింది. ఎనిమిదేండ్ల కింద ప్రజలకు దగ్గర కావాలని పెట్టిన జిల్లా నుంచి, తమ మాట వినే చెవి కోసం ఆడవాళ్లు దేశ రాజధానికి పోవాల్సి వచ్చింది.

డిసెంబరులో, ఆ కేసులో జైల్లో ఉన్న ఒక గిరిజన రైతుకు ఒంట్లో బాగాలేకపోతే బేడీలతో ఆసుపత్రికి తీసుకుపోయిన దృశ్యాలు బయటికొచ్చినయ్. కారణం రాసిపెట్టకుండా బేడీలు వేయకూడదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. ప్రభుత్వం విచారణకు ఆదేశించింది. నవంబరు చివర్లోనే ఫార్మా నోటిఫికేషన్ వెనక్కి తీసుకున్నారు. ఆ వెంటనే పారిశ్రామిక పార్కు పేరుతో కొత్త నోటిఫికేషన్ ఇచ్చినారు. ప్రజలు వద్దన్నది పేరునా, భూమి పోవడాన్నా? విన్నవాళ్లకు ఆ తేడా తెలుస్తది. సేకరించినవాళ్లకు తెలియదు. పోయే భూముల్లో పట్టా భూములతో పాటు అసైన్డు భూములూ ఉన్నాయి. మా మామ ఫిర్యాదులో కులం ఎట్లా మాయమైందో, ప్రకటనల భాషలో ఆ భూమి చరిత్ర అట్లా మాయమైతది. ఎకరాలు, సర్వే నంబర్లు మిగులుతాయి.

కొన్ని అభ్యంతరాలు

అధికారులందరూ కులగజ్జి ఉన్నవాళ్లేనా అని అడుగుతారు. మన వాదం అది కానే కాదు. 1993లో లండన్లో స్టీఫెన్ లారెన్స్ అనే నల్లజాతి యువకుణ్ణి చంపినప్పుడు పోలీసు దర్యాప్తు విఫలమైంది. దాని మీద 1999లో మాక్‌ఫర్సన్ నివేదిక వచ్చింది. ఒక సంస్థ రంగును బట్టి, సంస్కృతిని బట్టి మనుషులకు తగిన సేవ అందించలేకపోతే అది సంస్థాగత జాతివివక్ష అని చెప్పింది. ఫలానా అధికారికి మనసులో ద్వేషం ఉందా లేదా అన్నది రెండో ప్రశ్న. మన స్టేషన్ రైటర్ మంచివాడే కావచ్చు. 'మాటామాటా పెరిగి' అని రాయడం ఆయన తన పైవాళ్ల దగ్గర నేర్చుకున్నడు. కులం రాస్తే డీఎస్పీ దర్యాప్తు చేయాలి, పరిహారం లెక్క రావాలి, గడువు మొదలైతది. రాయకపోతే ఇవేవీ ఉండవు. అలవాటు పని తగ్గిస్తది. ఆ అలవాటుకే సంస్థ అని పేరు.

దళిత అధికారులు వచ్చినారు కదా, వికారాబాదు రిజర్వుడు నియోజకవర్గం కదా, అక్కడి ఎమ్మెల్యేనే 2023 డిసెంబరులో శాసనసభ స్పీకరు అయినారు కదా అంటారు. వచ్చినారు, అది మన పోరాటాల గెలుపే. కానీ వాక్యం మారకుండా మనిషి మారితే, ఆ వాక్యం కింద దళిత అధికారి కూడా సంతకం పెడ్తడు.

చట్టం దుర్వినియోగం అయితున్నదనే మాట మూడోది. 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఆ మాట మీదనే అరెస్టుకూ కేసు నమోదుకూ ముందస్తు షరతులు పెట్టింది. ఏప్రిల్ 2 బంద్ జరిగింది, అదే ఏడాది పార్లమెంటు 18ఏ సెక్షను తెచ్చి ఆ షరతులు తీసేసింది, 2020లో సుప్రీంకోర్టు ఆ సవరణను నిలబెట్టింది. దుర్వినియోగం వాదానికి కేసులు కొట్టుడుపోవడమే రుజువుగా చూపిస్తారు. కేసు ఎందుకు కొట్టుడుపోయిందో చూడాలంటే మొదటి కాగితం తీయాలి. గని పోయి, ఇరవై మంది పోయి, కులం పోయిన కాగితంతో ఏ కేసు నిలబడ్తది?

మనం చేయగలిగింది

విమర్శ మన మీద కూడా పెట్టుకోవాలి. ఈ పత్రికలో మనం రాసే తెలుగును వాడలో తల్లికి చదివి వినిపిస్తే ఎంత అర్థమైతది? సభల్లో మనం కూడా ఉపన్యాసం ఇచ్చి, తీర్మానం చదివి, 'ఏకగ్రీవంగా ఆమోదించడమైనది' అని రాసుకొని వస్తున్నం. మనకూ ఆ వాక్యం అంటుకున్నది.

కాబట్టి చిన్న పనులతో మొదలుపెట్టాలి. కార్యకర్తలు బాధితులతో స్టేషన్‌కు పోయినప్పుడు సంతకానికి ముందు 'చదవండి సార్' అని అడగాలి. చదివినంక, చెప్పిన మాట చెప్పినట్టు ఉందా అని బాధితుణ్ణి వాళ్ల మాటలోనే అడగాలి. కులం పేరు, చోటు, చూసిన మనుషులు, ఈ మూడూ కాగితంలో ఉంటేనే వేలు పెట్టాలి. నకలు తీసుకోకుండా రావద్దు. రాసుకోనంటే పోస్టులో ఎస్పీకి పంపాలి. 15ఏ సెక్షను ఈ కేసుల ప్రొసీడింగ్సును వీడియోలో రికార్డు చేయమంటున్నది కాబట్టి అది కూడా అడగాలి. పౌరహక్కుల దినం నాడు టెంటును గుడి ముందరికి మార్చమనాలి. తీర్మానం రాసినంక సభలో గట్టిగా చదవమనాలి. విద్యార్థులు తమ మండలంలో గత రెండు మూడేండ్ల తీర్మానాలను సమాచార హక్కు కింద అడిగి తెచ్చుకొని, ఆ ఊళ్లలో మనుషులు ఏం చెప్తున్నరో పక్కన పెట్టి చూడాలి. అంతకంటే మంచి పరిశోధన ఏముంది? ఉపాధ్యాయులు తొమ్మిది, పది తరగతుల్లో లేఖారచన నేర్పేటప్పుడు సెలవు చీటీతో పాటు ఫిర్యాదు రాయడం, రాసిన ఫిర్యాదు చదవడం నేర్పాలి.

మా మామ ఇప్పుడు లేడు. ఆయన కేసు ఎప్పుడో మూసేసినారు. ఆ నకలు కాగితం నా దగ్గరే ఉంది. మొన్న ఆయన మనవరాలికి, పదో తరగతి పిల్లకు, దాన్ని ఇచ్చి చదవమన్న. గట్టిగా చదివింది. ఆఖరి వాక్యం దాకా వచ్చి ఆగి, "ఎవరు సదివిండ్రు దీన్ని తాతకు?" అని అడిగింది. అదే ప్రశ్న ప్రతి కచేరీ బల్ల ముందర, సంతకం పెట్టేముందు, గట్టిగా అడగాలె.